ఇద్దరూ ఒక్కసారే ఏడ్చినప్పుడు

(చిన్నపిల్లల తల్లుల సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. చంటిపిల్లల్ని ఎత్తుకుని వచ్చినవాళ్ళు తలుపు దగ్గర కుర్చీల్లో కూర్చోండి, లేచి తిప్పాల్సి వస్తే సులువుగా ఉంటుంది. మధ్యలో ఎవరు ఏడ్చినా ఫరవాలేదు, నాకు మైకు ఉంది.

మాట్లాడుకోవడానికి వీలుగా ఒక జంటను అనుకుందాం. పెద్దది మూడేళ్ళ పిల్ల, చిన్నవాడు నాలుగు నెలలవాడు. మీ ఇంట్లో వయసులు వేరైతే వేళలు కాస్త అటూ ఇటూ జరుపుకోండి.

రెండో బిడ్డ పుట్టాక పని రెట్టింపవుతుందని అంటారు. లెక్క వేసి చూస్తే అంత పెరగదు. వంట ఒక్కటే, ఉతుకుడు కొంత పెరుగుతుంది, మొదటి బిడ్డప్పటి భయాలు సగం పోయి ఉంటాయి. మరి తల్లి అంతలా ఎందుకు నలిగిపోతుంది? ఒకే నిమిషంలో ఇద్దరికీ ఆవిడే కావాలి గనుక. చిన్నవాడు పాలకి గుక్కపెట్టిన క్షణానే పెద్దదానికి ఒంటికి వస్తుంది. గమనిస్తే ఇలాంటి ముడులు రోజులో కొన్ని చోట్లే పడతాయి, అవీ దాదాపు అవే వేళల్లో. కాబట్టి ముడి పడటానికి ఐదు నిమిషాల ముందు ఏం చెయ్యొచ్చన్నదే ఇవాళ్టి విషయం.

పాలిచ్చే వేళతో మొదలుపెడదాం. మొదటి వారాల్లో బిడ్డ ఇరవైనాలుగు గంటల్లో 8 నుంచి 12 సార్లు తాగుతాడు. నాలుగో నెలకి కొంత తగ్గుతుంది, అయినా తల్లి రోజులో గంటల తరబడి ఒకచోట కూర్చోక తప్పదు. అమ్మ ఇప్పుడు లేవలేదన్న సంగతి మూడేళ్ళ పిల్లకి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. గోడ మీద గీతలు, నీళ్ళు ఒలకబోయడం అప్పుడే మొదలవుతాయి. తిట్టడం వల్ల ఉపయోగం లేదు, తిట్టు కూడా ఆ పిల్లకి అమ్మ తనవైపు చూసినట్టే.

కూర్చోబోయే ముందు మూడు పనులు. పెద్దదాన్ని బాత్రూంకి తీసుకెళ్ళండి, వస్తోందా అని అడగొద్దు, అడిగితే లేదనే అంటుంది. దానికి నీళ్ళ కప్పు, తినడానికి ఏదైనా ఒకటి పక్కన పెట్టండి. మీకూ ఒక పెద్ద గ్లాసు నీళ్ళు, చేతికందేలా. ఆ తరవాత ఒక బుట్ట. అందులో నాలుగైదు వస్తువులు చాలు: రెండు బొమ్మల పుస్తకాలు, మైనపు రంగులు, అతికించే బొమ్మలు, ఒక చిన్న పాత్రల సెట్టు. షరతు ఒక్కటే: పాలిచ్చేటప్పుడు తప్ప ఆ బుట్ట బయటికి రాకూడదు, అవ్వగానే పైన పెట్టెయ్యాలి. రోజంతా కింద పడి ఉంటే రెండో రోజుకే దాని విలువ పోతుంది. వారానికోసారి లోపలివి మార్చండి. కొత్తవి కొనక్కర్లేదు, మూడు వారాలు కనబడని పాత బొమ్మ కొత్తదానితో సమానం.

సీసాతో పట్టేవాళ్ళకి ఒక హెచ్చరిక. ఇద్దరి మధ్య పరుగెత్తుతూ సగం తాగిన సీసా ఎక్కడో పెట్టి, గంటన్నర తరవాత మళ్ళీ నోటికి అందించడం చాలా ఇళ్ళల్లో జరుగుతుంది. కలిపిన డబ్బాపాలు తాగించకుండా బయట ఉంచితే 2 గంటల్లో వాడెయ్యాలి. బిడ్డ నోరు పెట్టాక 1 గంటే, మిగిలింది పారబొయ్యాలి. ఉమ్మి కలిసిన పాలల్లో సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి. పిండి తీసిన తల్లిపాలు మామూలు గది వేడిలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు ఉంటాయి. ఎండాకాలం గది బాగా వేడెక్కితే ఆ 4 గంటల్ని నమ్ముకోకండి. సీసా మీద టైము రాసే అలవాటు చేసుకోండి. నిద్ర లేని బుర్రకి ఎప్పుడు పిండానో గుర్తుండదు.

ఇక మధ్యాహ్నం నిద్ర. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన లెక్క ప్రకారం 4 నుంచి 11 నెలల పిల్లలకి పగలూ రాత్రీ కలిపి 12 నుంచి 16 గంటలు, మూడు నాలుగేళ్ళవాళ్ళకి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. అంత నిద్ర ఉంది గదా, ఇద్దరివీ ఒక్కసారి కలవవేం అని అడుగుతారు. వాటంతటవి కలవవు. వెనక నుంచి లెక్క వేసుకుంటూ రావాలి. పెద్దది ఒంటిగంటకి పడుకుంటుందనుకోండి. నాలుగు నెలల బిడ్డ ఒకసారి లేచాక మళ్ళీ నిద్ర ముంచుకురావడానికి గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. అంటే చిన్నవాడు పొద్దుటి కునుకు నుంచి 11, 11:15 మధ్య లేవాలి. 11:30 దాటాక కూడా పడుకున్నాడా, ఒంటిగంటకి కళ్ళు విప్పార్చి మిమ్మల్నే చూస్తూ ఉంటాడు. అవసరమైతే పావుగంట ముందు కర్టెన్ తీసి మెల్లగా లేపండి. నిద్రపోయే బిడ్డను లేపకూడదని పెద్దవాళ్ళు అంటారు, ఈ ఒక్క చోట నేను వాళ్ళతో ఒప్పుకోను.

ఇద్దరిలో ఎవరిని ముందు పడుకోబెట్టాలి? త్వరగా నిద్రపోయేవాళ్ళని. 12:40కి చిన్నవాడికి పాలు, అదే గదిలో పెద్దదానికి కథ, గొంతు తగ్గించి. వాడు జోగుతుంటే మంచంలో వెల్లకిలా పెట్టి, అప్పుడు దాని పక్కన చేరండి. మొదటి వారం కుదరదు. ఎనిమిదో రోజో పదో రోజో కుదురుతుంది. కుదిరినా ఈ వయసు బిడ్డ పగటి కునుకు చాలాసార్లు ముప్పావుగంటకి మించదు, మీకు దక్కేది అంతే. ఆ ముప్పావుగంట అంట్లకి ఇవ్వొద్దు. ముందు కూర్చుని అన్నం తినండి, తరవాత నడుం వాల్చండి. అంట్లు పిల్లలు మెలకువగా ఉన్నప్పుడు కూడా తోమొచ్చు.

రోజు మొత్తంలో గడ్డుకాలం సాయంత్రం 5 నుంచి 7. చిన్నవాడికి ఆ వేళకి విసుగు, పెద్దదానికి ఆకలి, మీకు ఓపిక అడుగంటి ఉంటుంది. ఆ రెండు గంటల్లో వంట, స్నానాలు, తిండి మూడూ పెట్టుకుంటే కుదరదు. కూరలు తరగడం పొద్దున్నే అయిపోవాలి. పెద్దదానికి రాత్రి భోజనం 6కే పెట్టెయ్యండి. ఇంట్లోవాళ్ళందరూ వచ్చేదాకా ఆపితే అది ఆకలి దాటిపోయి పేచీలోకి దిగుతుంది, అప్పుడు కంచంలో ఏం పెట్టినా వద్దంటుంది. స్నానం రోజూ కావాలా? చిన్నవాడికి అక్కర్లేదు, వారానికి మూడుసార్లు చాలు. మిగతా రోజుల్లో ముఖం, మెడ మడతలు, చంకలు, డైపర్ చోటు తడిగుడ్డతో తుడిచి ఆరబెడితే సరిపోతుంది.

స్నానాల మాట వచ్చింది గనుక కాస్త ఆగుతాను. ఇద్దరినీ ఒకే టబ్బులో కూర్చోబెట్టడం చిన్నవాడు ఆసరా లేకుండా గట్టిగా కూర్చునేదాకా వద్దు, అది ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య వస్తుంది. నీళ్ళ వేడి 37, 38 డిగ్రీలు, మోచేతితో చూస్తే వేడిగానూ చల్లగానూ తోచకూడదు. టబ్బులో చన్నీళ్ళు ముందు, వేడినీళ్ళు తరవాత. గీజరు 50 డిగ్రీలు దాటకుండా పెట్టుకోండి. 60 డిగ్రీల నీళ్ళు పసిచర్మాన్ని కొన్ని సెకన్లలోనే లోతుగా కాల్చేస్తాయి. ఇక ఇద్దరూ నీళ్ళలో ఉండగా ఫోను మోగిందనుకోండి, తలుపు కొట్టారనుకోండి. మోగనివ్వండి, కొట్టనివ్వండి. 5 సెంటీమీటర్ల నీళ్ళలో కూడా పసివాడు మునుగుతాడు, చప్పుడు కూడా కాదు. "తమ్ముణ్ణి చూస్తుండమ్మా" అని మూడేళ్ళ పిల్లకి అప్పగించి వెళ్ళడం మాత్రం ఎప్పటికీ వద్దు. పైకి తీసేటప్పుడు ముందు నీళ్ళు పోనివ్వండి, ఆ తరవాత చిన్నవాణ్ణి తీసి అక్కడే నేల మీద తువ్వాలులో పెట్టండి, అప్పుడు పెద్దదాన్ని. నీళ్ళు అలాగే ఉంచి ఒకరిని తుడుస్తూ కూర్చుంటే రెండోవారు మీ వీపు వెనక ఉంటారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇద్దరూ ఒక్కసారే ఏడుస్తున్నారు, మీరు ఒక్కరే. ఎవరి దగ్గరికి వెళ్ళాలి? ప్రమాదం ఉన్నవారి దగ్గరికి ముందు. దెబ్బ తగిలినవారి దగ్గరికి ఆ తరవాత. రెండూ కాకపోతే, అంటే ఒకరికి పాలు, ఒకరికి ఒళ్ళో కూర్చోవాలని, అలాంటప్పుడు పెద్దదానికి ముందు రెండు నిమిషాలు ఇవ్వండి. డైపర్ పొడిగా ఉండి, మంచంలో వెల్లకిలా ఉన్న బిడ్డ రెండు నిమిషాలు ఏడిస్తే ఏమీ కాదు. పెద్దది మాత్రం ఎవరు ముందన్నది రోజూ లెక్కపెట్టుకుంటుంది. ఒక చిన్న ఉపాయం ఉంది: చిన్నవాడితో పైకి వినబడేలా "ఆగు నాన్నా, అక్కకి బొత్తాలు పెట్టి వస్తా" అనండి. వాడికి అర్థం కాకపోవచ్చు, వినాల్సింది పెద్దది. రోజంతా "ఆగమ్మా, తమ్ముడు ఏడుస్తున్నాడు" అని విన్న చెవికి ఆ మాట ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఏడుపు మరీ ఎక్కువయ్యే కాలం కూడా తెలిసి ఉండాలి. పుట్టిన రెండు మూడు వారాల నుంచి పెరుగుతూ ఆరు, ఎనిమిది వారాలప్పుడు శిఖరానికి వెళ్ళి, మూడు నాలుగు నెలలకి తగ్గుతుంది. ఏం చేసినా ఆగని ఏడుపు ఉంటుంది, అది మీ లోపం కాదు. చేతులు వణికేంత కోపం వస్తే బిడ్డను మంచంలో వెల్లకిలా పెట్టి, పెద్దదాన్ని తీసుకుని పక్క గదిలోకి వెళ్ళి ఐదు, పది నిమిషాలు ఉండి రండి. ఊపి కుదపడం మాత్రం ఎన్నడూ వద్దు. ఆ కుదుపుకి మెదడులో రక్తస్రావం అవుతుంది.

తమ్ముణ్ణి ముట్టుకోవద్దని అరిచేకంటే ఎక్కడ ముట్టుకోవాలో చూపించడం మేలు. పాదాలు. పాదాలు నిమరమనండి, ముఖం కాదు. కళ్ళల్లో వేలు పడదు, జలుబు కూడా కొంత తక్కువ అంటుతుంది. కొట్టిందనుకోండి, ముందు చిన్నవాణ్ణి ఎత్తుకోండి, దాని చెయ్యి పట్టుకుని "కొట్టనివ్వను" అని ఒక్క మాట చెప్పండి. పది నిమిషాల ఉపన్యాసం మూడేళ్ళ చెవిలో నిలవదు. "పెద్దదానివి కదా" అన్న మాట తగ్గించండి, నాలుగు నెలల క్రితం దాకా ఆ పిల్ల ఇంట్లో చిన్నదే.

పెద్దది ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలుపెడుతుంది, సీసా కావాలంటుంది, ముద్దుమాటలు పలుకుతుంది. చాలామంది పిల్లల్లో కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. డైపర్ కావాలంటే వెక్కిరించకుండా వెయ్యండి. కొత్తగా బాత్రూం అలవాటు చెయ్యాలనుకుంటే మాత్రం ప్రసవానికి అటూ ఇటూ రెండు మూడు నెలలు ఆపండి, ఆ గొడవలో అదీ నిలవదు, మీ ఓపికా నిలవదు. రోజుకి పది నిమిషాలు పెద్దదానికే ఇవ్వండి, ఫోను లేకుండా, ఏ ఆట ఆడాలో అదే చెబుతుంది, మీరు ఆడతారు. ఆదివారం గంటసేపు ఇచ్చేదానికంటే రోజూ పది నిమిషాలే ఎక్కువ పనిచేస్తాయి.

ప్రమాదాల సంగతి. మొదటి బిడ్డప్పుడు ఇంట్లో చిన్న వస్తువులు లేవు. ఇప్పుడు ఉన్నాయి, పెద్దదాని బొమ్మలే అవి. పూసలు, బొమ్మకారు చక్రాలు, బెలూను ముక్కలు. చిన్నవాడు పాకడం మొదలుపెట్టకముందే సర్దాలి. ఒక కొలత: టిష్యూ పేపరు చుట్టిన అట్టగొట్టం ఖాళీ అయ్యాక, అందులోంచి జారిపోయే వస్తువేదైనా గొంతులో ఇరుక్కోగలదు. అలాంటి ఆటలు పెద్దది బల్ల మీద మాత్రమే ఆడాలి, లేచేటప్పుడు డబ్బాలో వేసి మూత పెట్టాలి. పెద్దది తన తిండి తమ్ముడి నోట్లో పెట్టడం ప్రేమతోనే చేస్తుంది, కాబట్టి గింజలు, పల్లీలు, గట్టి మిఠాయిలు దాని చేతికి ఇచ్చి వదిలెయ్యకండి. గింజలు, పప్పులు అసలు ఐదేళ్ళ దాకా పొడి చేసే పెట్టాలి. గుండ్రటి పండ్లు నిలువుగా నాలుగు ముక్కలు చెయ్యాలి. తేనె ఏడాది నిండేదాకా నాకించకూడదు.

అన్నిటికంటే చెడ్డది బొత్తాం బ్యాటరీ. రిమోట్లలో, వెలిగే బొమ్మల్లో ఉండే గుండ్రటి బిళ్ళ. మింగితే అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే తీవ్రంగా కాల్చేస్తుంది. మింగాడన్న అనుమానం చాలు, ఏడుస్తున్నాడా లేదా చూడకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. వాంతి చేయించొద్దు. బ్యాటరీ గూటికి స్క్రూ బిగించిన మూత లేని బొమ్మ ఇంట్లో ఉంచొద్దు.

గొంతుకు అడ్డుపడి శబ్దం రాకపోతే, దగ్గలేకపోతే: ఏడాది లోపు బిడ్డను ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పెట్టి రెండు భుజపుటెముకల మధ్య అరచేతి మడమతో, అంటే మణికట్టు పక్కనుండే గట్టి భాగంతో, 5 దెబ్బలు. రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్య ఎముక మీద ఒక అరచేతి మడమతో 5 నొక్కులు. మళ్ళీ దెబ్బలు, మళ్ళీ నొక్కులు. ఏడాది దాటిన పిల్లకైతే వీపు మీద 5 దెబ్బలు, తరవాత వెనక నుంచి పట్టుకుని బొడ్డుకి పైన పిడికిలితో లోపలికీ పైకీ 5 నొక్కులు. అంబులెన్సుకి వేరే ఎవరితోనైనా ఫోను చేయించండి. స్పృహ తప్పితే కృత్రిమ శ్వాస, ఛాతీ నొక్కులు మొదలుపెట్టాలి. కనబడని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి తిప్పకండి, ఇంకా లోపలికి పోతుంది. ఇది వింటే రాదు, బొమ్మ మీద ఒకసారి చేసి నేర్చుకోండి.

మందుల దగ్గర ఇద్దరు పిల్లల ఇంట్లో ప్రత్యేకమైన పొరపాటు ఒకటి ఉంది. జ్వరం మందు, అదే పారాసిటమాల్, బరువుని బట్టి: కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, 4 నుంచి 6 గంటల తేడాతో, రోజుకి 4 సార్లు మించకుండా. పెద్దది 14 కిలోలు, చిన్నవాడు ఆరున్నర కిలోలు అనుకోండి. సిరప్‌లో 5 మిల్లీలీటర్లకి 250 మిల్లీగ్రాములు ఉంటే పెద్దదానికి 3, 4 మిల్లీలీటర్లు అవుతుంది. పసిపిల్లల చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములు ఉండొచ్చు. చిన్నవాడికి దాంట్లో ముప్పాతిక మిల్లీలీటరు సరిపోతుంది. పేరు ఒకటే, డబ్బా రంగూ ఒకటే. రాత్రి రెండింటికి దీపం వెయ్యకుండా చుక్కల మందు 3 మిల్లీలీటర్లు పోస్తే 300 మిల్లీగ్రాములు, చిన్నవాడికి మూడింతల పైమాటే. కాబట్టి సీసాల మీద పేరు, బరువు, డాక్టరు చెప్పిన కొలత పెద్ద అక్షరాలతో రాసి, వేర్వేరు అరల్లో పెట్టండి. వంటింటి చెంచాతో కాదు, సీసాతో వచ్చిన గొట్టంతోనే కొలవండి. ఒక కాగితం గోడకి అంటించి ఇచ్చిన టైము రాయండి, లేకపోతే మీరొకసారి, ఇంకొకరు ఒకసారి ఇచ్చేస్తారు. మూడు నెలల లోపు బిడ్డకి 38 డిగ్రీలు, అంటే 100.4 ఫారన్‌హీట్, ఉంటే ఇంట్లో మందు వేసి చూడటం లేదు, వెంటనే డాక్టరు. ఆస్పిరిన్ పిల్లలకి వద్దు.

విరేచనాలు ఒకరికి పట్టుకుంటే రెండోవారికీ రావచ్చు. ఓఆర్‌ఎస్ ఒక లీటరు ప్యాకెట్‌ని సరిగ్గా ఒక లీటరు నీళ్ళలోనే కలపాలి. గ్లాసుకి కొంచెం చొప్పున పోస్తే ఉప్పు ఎక్కువై ప్రమాదం. కలిపింది 24 గంటల తరవాత పారబొయ్యాలి. ఒక్కో విరేచనం తరవాత రెండేళ్ళ లోపు బిడ్డకి 50 నుంచి 100 మిల్లీలీటర్లు, రెండేళ్ళు దాటిన పిల్లలకి 100 నుంచి 200, చెంచాతో మెల్లగా. తల్లిపాలు ఆపొద్దు. కప్పులు వేరు, తువ్వాళ్ళు వేరు, డైపర్ మార్చిన ప్రతిసారీ సబ్బుతో 20 సెకన్లు చేతులు. మూత్రం తగ్గినా, కళ్ళు లోపలికి పోయినా, మగతగా ఉన్నా ఇంట్లో ఆగకండి.

తల్లి గురించి రెండు ముక్కలు. బొటనవేలి మొదట్లో మణికట్టు దగ్గర గుచ్చుకునే నొప్పి చాలామందికి వస్తుంది. బొటనవేళ్ళు చాచి బిడ్డను చంకల కింద పట్టుకుని ఎత్తే తీరు వల్ల అక్కడ కండరాన్ని ఎముకకి కలిపే స్నాయువు మీది తొడుగు వాస్తుంది. అరచేతులు పైకి పెట్టి, ఒకటి పిర్రల కింద, ఒకటి వీపు కింద చేర్చి ఎత్తండి. పెద్దదాన్ని ఎత్తడం తగ్గించి, మీరే కూర్చుని ఒళ్ళోకి ఎక్కమనండి. రాత్రి నాలుగు గంటలు తెగని నిద్ర ఒక్కటైనా కావాలి. 9 నుంచి 1 దాకా ఇంకొకరు చూసుకునే ఏర్పాటు చేసుకోండి, అడగడానికి సిగ్గుపడకండి. ప్రసవం తరవాత ఏడుపు రావడం, దిగులు రెండు వారాల్లో తగ్గాలి. తగ్గకపోతే, బిడ్డ నిద్రపోతున్నా మీకు నిద్ర పట్టకపోతే, డాక్టరుకి చెప్పండి. ప్రసవం తరవాతి దిగులుని కొలిచే పది ప్రశ్నల ఎడిన్‌బరా స్కేలు 1987 నుంచి ఉంది, పూర్తి చెయ్యడానికి ఐదు నిమిషాలు. ప్రాణం తీసుకోవాలనో బిడ్డకి హాని చెయ్యాలనో ఆలోచన వస్తే అదే రోజు వెళ్ళాలి, అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి.

వెనక వరసలో ఏదో అడుగుతున్నారు... ఆఁ, ఇద్దరినీ తీసుకుని ఒక్కదాన్నే బయటికి వెళ్ళాలంటే ఎలా అని. సంచి ముందు రాత్రే సర్దండి: రెండు గంటలకో డైపర్ చొప్పున, పైన రెండు, చిన్నవాడికి రెండు జతలు, పెద్దదానికి ఒకటి, మీకొక పై బట్ట. కక్కేది మీ భుజం మీదే. ఇంట్లో వరస ఇలా: పెద్దదాని బాత్రూం, బూట్లు. మీరు తయారవడం. అప్పుడు చిన్నవాడికి పాలు, ఆఖర్న డైపర్. వాణ్ణి ముందు సిద్ధం చేస్తే గుమ్మం దాటేలోపు మళ్ళీ నిండుతుంది. గుండెకి కట్టుకునే క్యారియర్ ఉంటే రెండు చేతులూ పెద్దదానికి. మెట్ల దగ్గర దాన్ని ఒక చేత్తో లాగి పైకి ఎత్తొద్దు, ఐదేళ్ళ లోపు పిల్లల మోచేతి ఎముక అలా జారిపోతుంది. కారెక్కేటప్పుడు పరుగెత్తగలిగినదాన్ని మొదట దాని సీట్లో పెట్టి బెల్టు బిగించండి, చిన్నవాడు మీ ఒంటిమీదే ఉంటాడు, తరవాత వాడు. దిగేటప్పుడు తిరగేసి: ముందు చిన్నవాణ్ణి తీసి క్యారియర్‌లో కట్టుకోండి, ఆ తరవాతే దాని బెల్టు విప్పండి.